బస్సు పొగ – పల్లె గాలి

ఈ సాయంకాలము నేను ముచ్చటింపవలసిన విషయము నగరములలోని ప్రజారవాణా, దానివలన గాలికిని నేలకును నీటికిని కలుగు హాని, ఆ హానిని తగ్గించు మార్గములు. నేను నెల్లూరు జిల్లా జలదంకి వాడను. మాకు ట్రాములు లేవు, మెట్రో రైలు లేదు. కావలికి పోవు బస్సు, కలిగిరికి పోవు బస్సు, ఉదయగిరి ఆత్మకూరుల దిక్కునకు పోవలెనన్న మరియొక బస్సు, ఇదియే మా ప్రజారవాణా. అట్టి చోటివాడు నగరముల బస్సులను గూర్చి చెప్పనేల యని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. అందుకు రెండు కారణములు గలవు. నగరములో ఆగిన పొగ యొక్కొకప్పుడు మరియొక చోట లేచును. నగరములకును దూరప్రయాణములకును నడచి అరిగిన బండి యొక్కొకప్పుడు పల్లెకు వచ్చును. ఈ రెంటిని విచారింపక నగరమును శుభ్రపరచితిమనుకొనుట, ఇల్లూడ్చి చెత్తను పొరుగువాని వాకిట పోయుట వంటిది.

మొదట పొగ యనగా నేమో తెలిసికొందము. డీసెలు నూనె యంత్రములో మండినప్పుడు మూడు విధములైన మాలిన్యము బయలుదేరును. మొదటిది కంటికి కనబడు మసి. దీని సూక్ష్మమైన రేణువులు ముక్కున ఆగక ఊపిరితిత్తులలోని లోతులకు చేరును. రెండవది నత్రజని, గంధకముల వలన పుట్టు వాయువులు. ఇవి కన్నులను మండించును, ఉబ్బసపు రోగిని బాధించును. మూడవది బొగ్గుపులుసు వాయువు. దీనికి రంగు లేదు, వాసన లేదు, దారిన పోవువానికి దీనివలన దగ్గు రాదు. కాని భూమినుండి పైకి పోవు వేడిని ఇది పట్టి నిలుపును గనుక లోకమంతటి వాతావరణమును మార్చుచున్నది. మసి పుట్టినచోటనే హెచ్చుగా కీడు చేయును. బొగ్గుపులుసు వాయువు హైదరాబాదున పుట్టినను, జలదంకిలో పుట్టినను ఒక్కటే. ఈ భేదమును మనసున నుంచుకొన్నచో తరువాతి లెక్కలన్నియు సుబోధకములగును.

ఒక లీటరు డీసెలు మండిన సుమారు 2.7 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. లీటరు నూనె బరువు కిలోగ్రాము కూడ లేదే, వాయువింత బరువెట్లు తూగునని అడుగుదురేమో. నూనెలోని బొగ్గు మూలకము గాలిలోని ప్రాణవాయువుతో కలియుటచేత ఆ బరువు వచ్చుచున్నది. సాధారణముగా మన ఆర్టీసీ బస్సు లీటరునకు ఐదు కిలోమీటర్లు నడచును. అనగా కిలోమీటరునకు సుమారు 540 గ్రాముల వాయువు. ఏబదిమంది కూర్చున్న బస్సులో తలకు వచ్చునది 11 గ్రాములు మాత్రమే. అదే బస్సులో ఐదుగురే యున్న తలకు 108 గ్రాములు.

ఇక మోటారు సైకిలును చూతము. లీటరు పెట్రోలునకు ఏబది కిలోమీటర్లు పోవు బండిపై ఒక్కడే పోయినచో కిలోమీటరునకు సుమారు 46 గ్రాములు. లీటరునకు పదునైదు కిలోమీటర్లు పోవు కారులో ఒక్కడే పోయినచో సుమారు 150 గ్రాములు. కాబట్టి నలుగురెక్కిన బస్సు ఒంటరి కారుకంటె మేలు. ఒంటరి మోటారు సైకిలుకంటె మేలు కావలెనన్నచో బస్సులో పండ్రెండుగురైనను ఉండవలెను. బస్సు యను పేరు పెట్టుకొన్నంత మాత్రమున అది పుణ్యము మూటగట్టుకొనదు. అందలి జనమును బట్టియే దాని మేలు ఏర్పడుచున్నది.

ఈ లెక్కనుండి వచ్చు మొదటి పాఠమిది: ఏ కొత్త యంత్రమును కొనకయే, ఉన్న బస్సును నింపుట యొక గొప్ప సంస్కారము. బస్సు వేళకు రాకున్న జనము విసుగుదురు. విసిగిన కుటుంబము అప్పుచేసి మోటారు సైకిలు కొనును. కొన్న తరువాత బస్సు వైపు చూడదు. బస్సు ఖాళీయగును. ఖాళీ బస్సు నష్టమని దానిని తీసివేయుదురు. అప్పుడు బండి కొనలేని ముసలివారు, విద్యార్థులు, కూలికి పోవు స్త్రీలు దారిప్రక్కన నిలిచిపోవుదురు. జలదంకినుండి కావలి జవహర్ భారతి కళాశాలకు పోవు పిల్లవానికి ఈ చక్రము సంగతి ఎవరును బోధింపనక్కరలేదు. నగరములో ఈ చక్రమే రాకపోకల స్తంభనముగ కనబడును. పల్లెలో అదే బస్సులేమిగ కనబడును.

ఈ నడుమ స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించిరి. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పేరిటను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి పేరిటను ఇది అమలునకు వచ్చినది. దీని ఖర్చును గూర్చి వాదములు గలవు, ఆ వాదములలోనికి నేను పోను. పర్యావరణ దృష్టితో చూచినచో, ఖాళీగా పోవు పల్లెవెలుగు బస్సు నిండుట లాభమే. కాని నిండిన బస్సులో కాలు పెట్ట చోటులేక జనము మరల ఆటోలవైపు మరలినచో ఆ లాభము కరగిపోవును. కనుక ఉచితపు టిక్కెట్టుతోపాటు బస్సుల సంఖ్యయు పెరుగవలెను.

నూనె మార్చి బండి నడుపుట మనకు కొత్త గాదు. విద్యుచ్ఛక్తిచేత నడచు ట్రాములు భారతదేశమున మొట్టమొదట మన పొరుగుననున్న చెన్నపట్టణమునందే 1895వ సంవత్సరమున బయలుదేరినవి. నెల్లూరు వారికి చెన్నపట్టణము రాజధానిగ నున్న దినములవి. ఆ ట్రాములు 1953 ఏప్రిలు నెలలో ఆగిపోయినవి. వీధిలో పొగ వదలని బండి ఆ నగరమున ఏబది యేండ్లకు పైగా నడచి, తరువాత నూనె బస్సులకు చోటిచ్చి తప్పుకొన్నది. ఇప్పుడు విద్యుత్ బండ్లను నూతన సృష్టిగ మనము చెప్పుకొనుచున్నాము.

రెండవ ప్రపంచ సంగ్రామకాలమున పెట్రోలు దొరకక బస్సులకు బొగ్గు కట్టిరి. బండి వెనుక ఇనుప పొయ్యి యొకటి బిగించి, దానిలో కట్టెబొగ్గు మండించి, గాలిని కొద్దిగా మాత్రమే లోనికి పోనిత్తురు. అప్పుడు పుట్టు వాయువును వడగట్టి యంత్రములోనికి పంపుదురు. బయలుదేరుటకు ముందు ఒకడు విసరుయంత్రమును చేతితో త్రిప్పవలెను. ఎత్తు వచ్చిన చోట బండి ఆయాసపడును. బొగ్గు బస్సు లనగా పెద్దలు నవ్వుచు చెప్పుకొనెడి కథ లివియే. కాని ఆ నవ్వులో మరచిపోయిన సంగతి యొకటి కలదు. నూనె ఆదాయైనది గాని, కట్టెబొగ్గునకై చెట్లు కూలినవి. బండి భారము నూనె గనులనుండి అడవుల మీదికి మారినది. ఏ మార్పునైనను తూచునప్పుడు, పోయిన భారమెక్కడకు పోయినదని అడుగుట మనకు అలవాటు కావలెను.

డీసెలు బండినే శుభ్రపరచు మార్గము కూడ కలదు. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట భారత్ స్టేజి ఆరు ప్రమాణము అమలునకు వచ్చినది. అంతకు ముందు నూనెలో పదిలక్షల పాళ్ళకు 50 పాళ్ళు గంధకము ఉండవచ్చును. ఇప్పుడు 10 పాళ్ళకు మించరాదు. గంధకము తగ్గినందున పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ చెడిపోక పనిచేయును. యూరియా కలిపిన నీటిని చిమ్మి విషవాయువులను నత్రజనిగను నీటియావిరిగను మార్చు ఉపాయము కూడ ఈ బండ్లలో నున్నది. సహజవాయువుతో నడపుట మరియొక మార్గము. 1998లో సుప్రీము కోర్టు ఆజ్ఞ యిచ్చిన పిమ్మట ఢిల్లీ నగరపు బస్సులన్నియు 2002 చివరకు ఆ వాయువునకు మారినవి. మన విజయవాడలోను ఇట్టి బస్సులు నడచినవి. వీనివలన మసి మిక్కిలి తగ్గును. బొగ్గుపులుసు వాయువు మాత్రము స్వల్పముగనే తగ్గును.

ఇక విద్యుత్ బస్సులు. హైదరాబాదు చరిత్ర నిజాము రాష్ట్ర రైలు రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ఆరంభించిన దినములనుండి వచ్చుచున్నది. ఆ నగరమున 2019 మార్చిలో 40 విద్యుత్ బస్సులు రోడ్డెక్కినవి. 2022 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ ఆర్టీసీ తిరుపతి కేంద్రముగ నూరు విద్యుత్ బస్సుల పథకమును తిరుమల కొండదారిపై ఆరంభించినది. వీనిలో కొన్ని నెల్లూరునకును నడచుటకు ఉద్దేశింపబడినవి.

కొండదారికి ఈ బండి యెందులకు తగినదో వివరింతును. డీసెలు బండి కొండ దిగునప్పుడు బ్రేకు పట్టవలెను. బ్రేకు పట్టిన వేడి గాలిలో కలిసిపోవును. విద్యుత్ బండిలో అట్లు గాదు. దిగునప్పుడు చక్రములే మోటారును త్రిప్పును. అప్పుడు మోటారు డైనమోగ మారి విద్యుత్తును పుట్టించి బ్యాటరీలో చేర్చును. తిరుపతికిని తిరుమలకును ఎత్తులో సుమారు 700 మీటర్ల భేదము కలదు. జనముతో కలిసి 12 టన్నులు తూగు బండి యంత యెత్తు దిగినచో విడుదలయగు శక్తి 22 యూనిట్లకు మించును. అందు చక్రముల రాపిడికిని గాలి యొత్తిడికిని కొంత పోగా మిగిలినది బ్యాటరీకి చేరును. ఎక్కునప్పుడు చేసిన అప్పును దిగునప్పుడు కొంత తీర్చుకొనుట వంటిదిది. హైదరాబాదున 2017 నవంబరులో ఆరంభమైన మెట్రో రైలులోను ఇదే సూత్రము పనిచేయుచున్నది. ఒక రైలు ఆగునప్పుడు పుట్టిన విద్యుత్తును మరియొక రైలు వాడుకొనును. ఇనుప పట్టాపై ఇనుప చక్రమునకు రాపిడి తక్కువ గనుక, నిండిన రైలు తలకు ఖర్చు చేయు శక్తి మిగిలిన వానికంటె స్వల్పము.

ఇంతవరకు సంతోషకరమైన సంగతులు. ఇప్పుడు మా జిల్లా సంగతి. కృష్ణపట్నము రేవునకు సమీపమున, ముత్తుకూరు మండలము నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రము కలదు. 2015లో 800 మెగావాట్ల యూనిట్లు రెండును, 2022లో అంతటిదే మూడవదియు పనిలోనికి వచ్చినవి. మొత్తము 2400 మెగావాట్లు. అక్కడ మండునది బొగ్గు. ఒక యూనిట్టు విద్యుత్తునకు అరకిలోకు పైగా బొగ్గు కావలెను. దానివలన సుమారు 900 గ్రాముల బొగ్గుపులుసు వాయువు లేచును. మన దేశపు బొగ్గులో నూటికి ముప్పది పాళ్ళకు మించి బూడిదయే గనుక ఆ బూడిదకు చోటు వెదకవలెను. తీగలలో ప్రవహించు విద్యుత్తు ఏ కేంద్రమున పుట్టినదో గుర్తించుట సాధ్యము గాదు. కాని విజయవాడలో బండికి తీగ తగిలించినప్పుడు నేలటూరు వంటి చోట్ల కొలిమి కొంచెము హెచ్చుగ మండునని చెప్పుట తప్పు గాదు.

లెక్క చూతము. చిన్న విద్యుత్ బస్సు కిలోమీటరునకు సుమారొక యూనిట్టు త్రాగును. బొగ్గు విద్యుత్తు మాత్రమే ఇచ్చినచో 900 గ్రాములు. దేశములో నీటి విద్యుత్తు, సూర్యరశ్మి విద్యుత్తు మొదలగునవి కలిసిన సగటు తీసికొన్నచో సుమారు 700 గ్రాములు. డీసెలు బస్సునకు పొగగొట్టమునుండి 540. నూనెను త్రవ్వి, శుద్ధిచేసి, తెచ్చుట కగు ఖర్చు కలిపిన 650 వరకు వచ్చును. అనగా నేటి సగటు విద్యుత్తుతో, బొగ్గుపులుసు వాయువు విషయమున రెండు బండ్లును ఇంచుమించు సమానములే. నగరవాసి ఊపిరికి మేలు కలిగినది నిజము. వీధిలో మసి ఆగినది. ఆ మేలు చిన్నది గాదు, దానిని నేను తక్కువ చేయను. కాని లోకమునకంతటికి మేలైనదని చాటవలెనన్న, విద్యుత్తు పుట్టు చోటు కూడ మారవలెను.

అది మారుచున్నది. కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు ప్రాంతమున 1000 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రము 2017నాటికే పనిచేయసాగినది. ఎండకు మన నేలలో కొదువ లేదు. ఉదయగిరి కొండల క్రింది మెట్టభూములలో రోహిణికార్తె గడపినవారికి ఆ మాట వేరుగ చెప్పనక్కరలేదు. కాని చిక్కు ఒకటి కలదు. బస్సులు పగలు తిరిగి రాత్రి డిపో చేరును. రాత్రి సూర్యుడుండడు. రాత్రి తీగ తగిలించిన బస్సు బొగ్గు విద్యుత్తునే హెచ్చుగ త్రాగును. కాబట్టి జనము పలుచగ నుండు మధ్యాహ్నవేళ, పదకొండింటినుండి మూడింటివరకు, బస్సులను వంతులవారీగ డిపోకు రప్పించి నింపుకొనవలెను. డిపోల కప్పులపైనను, బస్సు నిలుచు పందిళ్ళపైనను సౌర పలకలు పరచవలెను. ఇది కేవలము వేళాపట్టికను దిద్దు పని, దీనికి నూతన శాస్త్రమేమియు అక్కరలేదు. బ్యాటరీలు కొన్నియేండ్లకు బలహీనపడును. వానిని చెత్తకుప్పలో పారవేయరాదని, తయారుచేసినవారే తిరిగి తీసికొనవలెనని 2022లో కేంద్ర ప్రభుత్వము నిబంధనలు చేసినది. ఆ నిబంధనలు కాగితము మీదనే నిలువక పాటింపబడవలెను.

పెద్ద యంత్రములు వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ బనిలేదు. డ్రైవరు చేతిలోనే చాల యున్నది. అదరి అదరి వేగము హెచ్చించి, మరల గట్టిగ బ్రేకు పట్టువాడు నూనెను కాల్చును. ముందున్న దారిని చూచి నెమ్మదిగ నడపువాడు ఆదాచేయును. బస్టాండులో పది నిముషములు నిలిచినప్పుడు యంత్రము నాపుట, టైరులలో గాలి తగినంత యుండునట్లు చూచుట, అరిగిన టైరును పారవేయక దానికి మరల రబ్బరు తొడుగు వేయించుట, బండ్లు కడిగిన నీటిని తేర్చి మరల వాడుట, వాడిన నూనెను కాలువలోనికి వదలక పట్టియుంచుట, ఇవి డిపోలలో తెలిసిన పనులే. నగరములలో బస్సునకు ప్రత్యేకమైన దారి యిచ్చుట మరియొక ఉపాయము. విశాఖపట్టణమున పెందుర్తి, సింహాచలముల దిక్కునకు అట్టి మార్గములు నిర్మించిరి. ఆ దారిలో కార్లు నిలుపనీయకున్నప్పుడే వాని ఫలము కనబడును.

చివరకు న్యాయమును గూర్చి ఒక మాట. దూరప్రయాణములలో అరిగిన బండ్లను పల్లెవెలుగులుగ మార్చి గ్రామములకు పంపుట చిరకాలమునుండి వచ్చు పద్ధతి. ఆర్థికముగ చూచిన అది పొదుపే. కాని నగరమునకు పొగలేని కొత్త బండియు, కావలి, ఉదయగిరి, ఆత్మకూరు డిపోలకు పొగచూరిన పాత బండియు శాశ్వతముగ నిర్ణయమై, ఆ విద్యుత్తునకు బొగ్గును మా జిల్లాలోనే మండించినచో, నగరపు శుభ్రతకు పల్లె రెండుమారులు వెల చెల్లించినదగును. నిజమునకు పల్లె దారులు విద్యుత్ బస్సునకు అనుకూలములు. జలదంకి కావలులకు నడుమ దూరము స్వల్పము. పగటివేళ కావలిలో నిలుచునంతసేపు నింపుకొని మరల రావచ్చును. పాత బండ్లనే పంపవలసి వచ్చినప్పుడు, భారత్ స్టేజి ఆరుకు లోబడిన వానిని మొదట పంపుట సాధ్యమైన పనియే.

రైలును కూడ మరువరాదు. కావలి చెన్నపట్టణము విజయవాడల రైలుదారిపై నున్నది. ఆ దారి విద్యుత్తుచేతనే నడచును. పడమటి తాలూకాలగుండ నడికుడి నుండి శ్రీకాళహస్తికి 309 కిలోమీటర్ల మార్గము నిర్మింపబడుచున్నది. బస్సు వేళలు రైలు వేళలతో కలిసినచో పల్లెటూరివాడు కారు బాడుగకు పిలువక నెల్లూరు, చెన్నపట్టణము చేరగలడు. ఈ కలయికకు కావలసినది ఇద్దరధికారులు ఒక బల్లయొద్ద కూర్చుండుట.

కనుక శ్రోతలు ఏ నగరమునందైనను కొత్త బస్సునకు పూలదండ వేసినప్పుడు మూడు ప్రశ్నలడుగ వేడుచున్నాను. ఈ బండి ఏ పొగను ఎక్కడ ఆపినది? దానికి బదులుగ ఎక్కడ ఏ పొగ లేచినది? దీనిలో ఎందరెక్కుచున్నారు? మూడింటికిని సమాధానము చెప్పగల రవాణాయే పర్యావరణమునకు మేలు చేయు రవాణా. మొదటి రెంటికి ప్రభుత్వమును, విద్యుత్ శాఖయు ఉత్తరము చెప్పవలెను. మూడవదానికి ఉత్తరము చెప్పవలసినది బస్సు వచ్చు వేళకు రోడ్డు మీద నిలుచు మీరును నేనును. సెలవు.